బండి ముందే చెబుతుంది



మన కుటుంబాలలో మొదటిసారిగా కారు కొంటున్నవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. కొందరు కొత్తది కొంటారు, కొందరు ఒకరు వాడినదానిని కొంటారు. ఏదైనా సరే, అది ఇంటిముందుకు వచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ పండుగే. తాళము చేతికిచ్చేటప్పుడు అమ్మినవారు ఏవేవో మీటలు చూపించి, అరగంటలో అన్నీ చెప్పేస్తారు. ఆ సంతోషములో ఒక్క మాటయినా చెవికెక్కదు. తరువాత అడుగుదామంటే మొహమాటము. కారు కొన్నవారికి ఇది కూడా తెలియదా అనుకుంటారేమోనని సిగ్గు. ఈ సిగ్గువలన, నిర్లక్ష్యమువలన మా ఇంట్లో ఒకసారి ఎంత పని జరుగబోయిందో ముందుగా చెప్పి, ఆ తరువాత విషయములోనికి వస్తాను.

అది 2011వ సంవత్సరము, మే నెల. మేము విజయవాడ నుండి నెల్లూరుకు పెండ్లికి బయలుదేరాము. ఒకరు వాడిన కారును కొని అప్పటికి మూడు నెలలయింది. మా వారు నడుపుతున్నారు. ప్రక్కన నేను, వెనుక మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. ఒంగోలు దాటిన తరువాత ఇంజను వేడిని చూపే ముల్లు పైకి లేవడము నేను చూచాను. "ఏమండీ, ఈ ముల్లు ఎందుకో పైకి పోతున్నది" అన్నాను. "ఎండలు కదా, అట్లాగే ఉంటుందిలే" అన్నారు. ఇంకొంత దూరము పోయేసరికి ఎర్ర దీపము వెలిగింది. "నెల్లూరు చేరాక చూపిద్దాము" అన్నారు. మేము నెల్లూరు చేరలేదు. సింగరాయకొండ దాటాక బోనెట్ క్రిందనుండి తెల్లని ఆవిరి బుస్సుమని లేచింది.

మా వారు బండిని ప్రక్కకు ఆపి, బోనెట్ ఎత్తి, చేతిరుమాలు చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పబోయారు. ముఖము సరిగ్గా దానిపైననే ఉంది. ఆ ప్రక్క చెట్టుక్రింద లారీ నిలుపుకొని అన్నము తింటున్న ఒక పెద్దాయన అక్కడనుండే కేక వేశాడు: "సారూ! మూత తియ్యబాకండి! మొహం కాలిపోద్ది!"

ఆయన అన్నము చేయి కడుక్కోకుండానే పరుగెత్తి వచ్చాడు. మమ్మల్ని అందరినీ నీడకు పంపి, ముప్పావు గంట ఆగి, గోనెగుడ్డ వేసి నెమ్మదిగా మూత త్రిప్పాడు. అప్పటికి కూడా లోపల మిగిలిన నీళ్లు చిమ్మాయి. ముందే తీసి ఉంటే మా వారి కన్నులు ఏమై ఉండేవో ఇప్పటికీ తలచుకుంటే భయము వేస్తుంది. ఆయన పగిలిన రబ్బరు గొట్టమును చూపించి, "ఈ గొట్టం ఇయ్యాల పగల్లేదమ్మా. నెల నాళ్ల నించి కారతా ఉంది. బండి ముందే చెప్పుద్ది. మనమే ఇనం" అన్నాడు.

ఆ గొట్టము ఖరీదు మూడు వందల రూపాయలు. వేడికి చెడిన ఇంజను బాగు చేయించడానికి అయింది పద్దెనిమిది వేలు. పెండ్లి తప్పిపోయింది. అయితే పిల్లలు, పెద్దలు క్షేమముగా ఇల్లు చేరాము. ఆ పెద్దాయన మాటే ఈ నెల మన విషయము. బండి ముందే చెబుతుంది; అది చెప్పేది ఏమిటో, దానిని ఎట్లా వినాలో తెలుసుకుందాము.

ఇది మగవారి పని మాత్రమేనా?

కారు సంగతులు మగవారికే తెలియాలి అని మన ఇండ్లలో ఒక అభిప్రాయము ఉంది. అయితే లోకములో మొట్టమొదట కారులో దూర ప్రయాణము చేసింది ఒక తల్లి అని మీకు తెలుసా? జర్మనీ దేశములో కార్ల్ బెంజ్ అనే ఆయన 1886లో మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పొందాడు. జనము దానిని నమ్మి కొనలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కుమారులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని తన పుట్టింటికి బయలుదేరింది. అది 100 కిలోమీటర్లకు పైబడిన దారి. అప్పటికి పెట్రోలు బంకులు లేవు. వీస్లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణములో ఇంధనము కొన్నది. ఇంధనపు గొట్టము పూడుకొనిపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో దానిని శుభ్రము చేసింది. వైరు ఒరుసుకొనిపోతే మేజోళ్లు నిలుపుకునే పట్టీని దానికి చుట్టింది. బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవానిచేత తోలు కొట్టించింది. దారి పొడవునా నీళ్లు పోసుకుంటూ వెళ్లింది. ఆమె ఆ బండి గుణము తెలిసినది గనుకనే గమ్యము చేరింది. కాబట్టి అక్కలారా, చెల్లెండ్లారా, ఈ పేజీ మనది కాదని త్రిప్పివేయకండి.

దీపాల భాష

కారుతోపాటు ఒక పుస్తకము ఇస్తారు. చాలా ఇండ్లలో అది ప్లాస్టిక్ కవరులోనే ఉండిపోతుంది. మీ బండికి ఏ నూనె వాడాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి, ఏ దీపమునకు ఏమి అర్థము అన్నీ అందులో ఉంటాయి. ఒక మధ్యాహ్నము కూర్చొని చదవండి. వాడిన బండి కొన్నవారికి ఆ పుస్తకము దొరకకపోతే, చాలా కంపెనీలు దానిని ఇంటర్నెట్‌లో ఉచితముగా ఉంచాయి.

తాళము త్రిప్పగానే డాష్‌బోర్డుమీద చాలా దీపాలు వెలిగి, కొన్ని క్షణాలలో ఆరిపోతాయి. అవి పని చేస్తున్నాయని చూపడానికే అట్లా వెలుగుతాయి. తరువాత ఏదైనా వెలిగితే రంగును గమనించండి. పచ్చ లేక నీలము అయితే, మీరు వేసిన దీపమో ఇండికేటరో పని చేస్తున్నదని అర్థము. పసుపు అయితే, త్వరలో చూపించమని అర్థము. ఎరుపు అయితే, క్షేమమైన చోట వెంటనే ఆపమని అర్థము.

ఎర్ర దీపాలలో మూడు ముఖ్యమైనవి. నూనె బుడ్డి ఆకారములో ఉన్నది ఇంజన్ ఆయిల్ ఒత్తిడి తగ్గిందని చెబుతుంది. ఆపకుండా నడిపితే కొద్ది నిమిషాలలోనే ఇంజను పట్టివేయవచ్చు. నీటిలో నిలబెట్టిన థర్మామీటరు ఆకారము ఇంజను వేడెక్కిందని చెబుతుంది. వలయములో ఆశ్చర్యార్థకము ఉన్నది బ్రేకులకు సంబంధించినది. హ్యాండ్ బ్రేకు దించినా అది ఆరకపోతే బండి నడపకూడదు.

ముల్లు పైకి లేస్తున్నప్పుడు ఏసీ ఆపివేయండి. హీటరును పూర్తిగా పెట్టండి; అది ఇంజను వేడిని కొంత లాగివేస్తుంది. క్షేమమైన చోట ఆపి, ఇంజను కట్టివేయండి. కనీసము అరగంట, వీలైతే ఇంకా ఎక్కువసేపు ఆగండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూతను ఎంతమాత్రమూ తీయకూడదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉన్నది గనుక నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ముఖముమీదికి చిమ్ముతుంది.

బోనెట్ క్రింద ఏమి చూడాలి?

మనము చూడవలసినవి నాలుగైదే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బండి సమమైన నేలమీద ఉన్నప్పుడు చూడాలి.

మొదటిది ఇంజన్ ఆయిల్. కొలిచే కడ్డీని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మరల లోపలికి పూర్తిగా దించి తీయండి. నూనె రెండు గుర్తుల మధ్య ఉండాలి. తక్కువైతే ఇంజను అరుగుతుంది. ఎక్కువ పోసినా హానియే. నూనెను ఎప్పుడు మార్చాలో పుస్తకములో కిలోమీటర్లలోను, నెలలలోను వ్రాసి ఉంటుంది. రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడే మార్చాలి. "బండి ఎక్కువ తిరగలేదు కదా" అని సంవత్సరాలు గడపవద్దు. తిరగకపోయినా నూనె పాతబడుతుంది.

రెండవది కూలెంట్. తెల్లని ప్లాస్టిక్ డబ్బామీద పై గీత, క్రింది గీత ఉంటాయి. నీరు వాటి మధ్య ఉండాలి. చాలామంది కుళాయి నీళ్లు పోస్తారు. అత్యవసరములో తప్పదుగాని, దానితోనే నడిపితే లోపల తుప్పు, గార పడతాయి. కూలెంట్ త్వరగా మరగదు, తుప్పు పట్టనివ్వదు. మాటిమాటికి తగ్గిపోతూ ఉంటే మాత్రము పోస్తూ కూర్చోకుండా, ఎక్కడ కారుతున్నదో చూపించండి. మాకు బండి నెల రోజులు చెప్పింది అదే. వాకిట్లో రోజూ కొంచెము పచ్చని తడి కనబడేది. మేము దానిని ఏసీ నీరనుకున్నాము. ఏసీ నీరు రంగు లేకుండా ఉంటుందని అప్పటికి మాకు తెలియదు.

మూడవది బ్రేక్ ఆయిల్. ఇది తగ్గుతూ వస్తే బ్రేకు ప్యాడ్లు అరిగాయనో, ఎక్కడో కారుతున్నదనో అర్థము. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన బ్రేక్ ఆయిల్ వేడికి మరిగి, పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. అందుచేతనే చాలా కంపెనీలు సుమారు రెండేళ్లకొకసారి మార్చమంటాయి. బ్రేకు వేసినప్పుడు కీచుమని సన్నని శబ్దము వచ్చినా, బండి ఒక ప్రక్కకు లాగినా ఆలస్యము చేయకూడదు. అరకు ఘాటో, ఊటీ ఘాటో దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని కొందరు అంటారు. అట్లా చేస్తే భారమంతా బ్రేకులమీద పడి, అవి కాలిపోతాయి.

నాలుగవది బ్యాటరీ. సాధారణముగా మూడు నుండి ఐదేళ్లు వస్తుంది. ఉదయము సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నా, హెడ్‌లైట్లు మందగించినా అది చెబుతున్నట్లే. తీగలు విప్పవలసివస్తే మైనస్ తీగను మొదట విప్పి, చివర బిగించాలి.

ఐదవది వైపర్ల నీళ్ల డబ్బా, వైపర్ల రబ్బరు. మన ఎండలకు రబ్బరు ఎండి చీలుతుంది. వర్షము వచ్చిన రాత్రి దాని విలువ తెలుస్తుంది గనుక తొలకరికి ముందే మార్చండి.

విద్యుత్ కారు కొన్నవారికి ఇంజన్ ఆయిల్ బాధ లేదు. అయితే టైర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, చిన్న 12 వోల్టుల బ్యాటరీ వాటికి కూడా ఉంటాయి. నారింజ రంగు తీగలను మాత్రము ఎవరూ ముట్టకూడదు; వాటిలో ప్రాణము తీసే కరెంటు ఉంటుంది.

నాలుగు అరచేతులు

మన కుటుంబమంతా ఎక్కిన బండి నేలను ఆనుకొని ఉండే చోటు ఎంతో తెలుసా? ఒక్కొక్క టైరుకు సుమారు ఒక అరచేతి వెడల్పు. ఈ నాలుగు అరచేతులమీదనే మన పిల్లల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. అయినను మనము అద్దాలు తుడిచినంత శ్రద్ధగా టైర్లను చూడము.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు ప్రక్కనో, పెట్రోలు మూత లోపలనో అతికించిన కాగితముమీద ఉంటుంది. మనుషులు, సామాను నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ గాలి ఉండాలని అందులోనే వేరుగా వ్రాసి ఉంటుంది. ప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. వేసవిలో టైరు పేలుతుందేమోనని కొందరు గాలి తగ్గిస్తారు. ఇది చాలా పొరపాటు. గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతిసారీ ఎక్కువగా నలిగి, లోలోపల వేడెక్కి, పెద్ద వేగములో పగులుతుంది. నైట్రోజన్ గాలి పట్టించాలా అని అడుగుతారు. మామూలు గాలిలోనే సుమారు 78 పాళ్లు నైట్రోజన్ ఉంది. ఏ గాలి అయినా సరే, సరిగా ఉండడమే ముఖ్యము.

టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గాడి అరిగి ఆ దిమ్మతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్లే. వర్షములో అది నీటిమీద తేలిపోతుంది. టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య కూడా వెదకండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో తయారైందని అర్థము. వాడిన బండి కొనేవారు దీనిని తప్పక చూడాలి. పైకి గాడులు బాగానే ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి చిట్లుతుంది.

నడుస్తుండగా టైరు పేలితే బ్రేకును గట్టిగా తొక్కకండి. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, తిన్నగా పోనిచ్చి, యాక్సిలరేటరుమీద కాలు నెమ్మదిగా తీయండి. వేగము తానే తగ్గిన తరువాత ప్రక్కకు రండి.

ఐదవ టైరును మనము స్టెప్నీ అంటాము. ఈ పేరు ఎక్కడిదో చాలామందికి తెలియదు. 1904లో వేల్స్ దేశములోని లానెల్లి పట్టణములో డేవీస్ అనే అన్నదమ్ములు అదనపు చక్రమును తయారు చేశారు. వారి దుకాణము ఉన్నది స్టెప్నీ వీధిలో. ఆ వీధి పేరు సముద్రాలు దాటి వచ్చి మన మెకానిక్ షెడ్లలో నిలిచిపోయింది. ఆ స్టెప్నీలో గాలి ఉన్నదో లేదో నెలకొకసారి చూడండి. కొన్ని కొత్త బండ్లలో స్టెప్నీ బదులు పంక్చరు కిట్ ఇస్తారు. మీ బండిలో ఏది ఉందో నడిరోడ్డుమీద కాదు, ఇంటి దగ్గరే తెలుసుకోండి.

చక్రము మార్చవలసివస్తే అందరినీ దింపి రోడ్డుకు దూరముగా నిలపండి. హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణమును వెనుక దూరముగా పెట్టండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు మూలన ఉన్న చక్రానికి రాయి పెట్టండి. నట్లను బండి నేలమీద ఉండగానే కొంచెము వదులు చేసి, ఆ తరువాత జాకీ ఎత్తండి. జాకీమీద ఉన్న బండి క్రిందికి చేయి గాని తల గాని పెట్టకూడదు. బిగించేటప్పుడు వరుసగా కాక, ఎదురెదురుగా ఉన్న నట్లను బిగించాలి. బండిని దించిన తరువాత మరొకసారి గట్టిగా బిగించాలి. ఒక సెలవు రోజున ఇంటిముందు ఒకసారి చేసి చూడండి.

బెల్టు, గాలిసంచి, పిల్లలు

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన మాట. భుజము మీదుగా, నడుము మీదుగా వచ్చే సీటు బెల్టును 1959లో వోల్వో కంపెనీలో పనిచేసిన నిల్స్ బోలిన్ రూపొందించాడు. ఇది ప్రాణాలు కాపాడే వస్తువని ఆ కంపెనీ తన హక్కును పట్టుకొని కూర్చోకుండా ఇతర కంపెనీలను కూడా వాడుకోనిచ్చింది. అట్లా ఇచ్చిన దానిని మనము పోలీసు కనబడినప్పుడు మాత్రము పెట్టుకోవడము ఎంత విచారకరము!

మన దేశములో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము ప్రకారము బెల్టు లేకపోతే 1,000 రూపాయల జరిమానా. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకపోయినా అంతే. వెనుక సీటులోనివారు కూడా పెట్టుకోవాలి. వెనుక బెల్టు లేని మనిషి ప్రమాదములో ఎగిరి ముందున్నవారిమీద పడతాడు. అనగా కుమారుడు నడుపుతుంటే, వెనుక కూర్చున్న తల్లి బరువే ఆ కుమారుని ప్రాణము తీయవచ్చు.

మన ఇండ్లలో చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు కూర్చోవడము అలవాటు. 50 కిలోమీటర్ల వేగములో ఉన్న బండి దేనినైనా గుద్దుకొని ఆగితే, 10 కిలోల బిడ్డను ఆపడానికి సుమారు 200 కిలోల బరువును పట్టినంత బలము కావాలి. ఏ తల్లి చేతులకూ ఆ బలము లేదు. పైగా ముందున్న గాలిసంచి, అనగా ఎయిర్‌బ్యాగ్, రెప్పపాటులో విచ్చుకుంటుంది. అది పెద్దవారిని కాపాడేదే గాని ఒడిలోని బిడ్డకు గొప్ప దెబ్బ. పసిబిడ్డ వెనుక సీటులో, వెనుకకు తిరిగి ఉండే పిల్లల సీటులోనే ఉండాలి. నడిపేవారు కూడా స్టీరింగుకు కనీసము 25 సెంటీమీటర్ల దూరములో ఛాతీ ఉండేటట్లు కూర్చోవాలి. గాలిసంచి బెల్టుకు తోడే గాని బెల్టుకు బదులు కాదు.

2019 నుండి మన దేశములో తయారైన కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగిసిపోయి జారకుండా ఇది కాపాడుతుంది. అప్పుడు పెడలు కాలిక్రింద గడగడ వణుకుతుంది. తెలియనివారు భయపడి కాలు తీస్తారు. తీయకండి, గట్టిగా తొక్కి ఉంచి, స్టీరింగును త్రిప్పి అడ్డమును తప్పించుకోండి.

ఇంకొకటి వ్రాయడానికి నా చేయి వణుకుతున్నది. 2025 మే నెలలో విజయనగరము జిల్లా ద్వారపూడి గ్రామములో నిలిపి ఉన్న కారులోనికి ఆడుకోవడానికి ఎక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. మూసిన కారు ఎండలో పది నిమిషాలలోనే సుమారు పది డిగ్రీలు వేడెక్కుతుంది. పిల్లల శరీరము పెద్దవారికంటె చాలా త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి బండి దిగగానే వెనుక సీటు చూచి, తాళము వేసి, ఆ తాళమును పిల్లలకు అందని చోట పెట్టండి. చైల్డ్ లాక్ వేసిన వెనుక తలుపు లోపలనుండి తెరుచుకోదని గుర్తుంచుకోండి. ఆపదలో ముందు సీటుకు వచ్చి తలుపు తీయడము, ఆగకుండా హారన్ కొట్టడము పిల్లలకు ఆటగా నేర్పండి. "కొట్టవద్దు" అని వారిని కసురుకునే మనమే ఈ ఒక్కసారి "కొట్టండి" అని నేర్పాలి. అట్లాగే మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఏసీలో నిద్రపోవడము కూడా ప్రాణాపాయమే. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

వరదలు, కాగితాలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. నీరు తీసిన తరువాత ఆత్రముగా స్టార్టు చేసినవారు ఎక్కువ నష్టపోతారు. ఇంజనులోనికి నీరు పోయి ఉంటే, స్టార్టు చేయగానే లోపలి కడ్డీలు వంగిపోతాయి. అట్లా చెడిన ఇంజనుకు సాధారణ బీమాలో చాలాసార్లు డబ్బు రాదు. మునిగిన బండిని స్టార్టు చేయకుండా, లాగించి షెడ్డుకు పంపండి. డీజిలు బండిలో పొరపాటున పెట్రోలు పోసినప్పుడు కూడా ఇదే మాట: తాళము త్రిప్పకండి, ముందు టాంకీ ఖాళీ చేయించండి.

థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారము తప్పనిసరి. అది మనవలన ఇతరులకు కలిగిన నష్టమునకే గాని మన బండికి కాదు. వాడిన బండి కొన్నవారు ఆర్.సి.ని వెంటనే తమ పేరుకు మార్చుకోవాలి. బండి చేతులు మారిన 14 రోజులలో బీమా కంపెనీకి కూడా తెలియజేయాలి. అమ్మినవారు కూడా ఈ విషయములో ఊరుకోకూడదు; కాగితాలలో ఎవరి పేరు ఉంటే ప్రమాదపు భారము వారిమీదనే పడవచ్చు.

శనివారము సాయంత్రము పది నిమిషాలు

ఇవన్నీ చదివి, ఇంత పని ఎవరు చేస్తారు అనుకోకండి. వారానికి పది నిమిషాలు చాలు. మా ఇంట్లో శనివారము సాయంత్రము అని పెట్టుకున్నాము. ఒకరు టైర్లు చుట్టూ తిరిగి చూస్తారు. ఒకరు బోనెట్ ఎత్తి మూడు డబ్బాలు, కడ్డీ చూస్తారు. ఒకరు లోపల కూర్చొని దీపాలు వేస్తే ఇంకొకరు వెనుకనుండి, "వెలిగింది, వెలగలేదు" అని చెబుతారు. చివరగా బండి నిలిపిన చోట నేలమీద మరక ఏదైనా ఉన్నదా అని చూస్తాము. ఒక చిన్న నోటుపుస్తకము బండిలోనే ఉంటుంది. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏమి చేయించామో అందులో వ్రాస్తాము. షెడ్డులో ఏది మార్చామన్నా, పాత సామానును చూపించమని మర్యాదగా అడుగుతాము. మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు.

క్రిందటి యేడు మా అమ్మాయి తన చంటిబిడ్డతో హైదరాబాదుకు బయలుదేరవలసి ఉంది. ఆ 2011 ప్రయాణములో వెనుక సీటులో ఏడ్చిన పిల్లలలో ఒకతె ఆమెయే. ముందు రోజు సాయంత్రము తానే చుట్టూ తిరిగి చూస్తూ, "అమ్మా, ఈ టైరు కొంచెము క్రుంగినట్లుంది" అన్నది. చూస్తే లోపలి వైపున ఒక మేకు. గాలి ఇంకా సగము పోలేదు. పంక్చరు దుకాణమువాడు వంద రూపాయలు తీసుకొని బాగు చేశాడు. మరునాడు అదే టైరు నూరు కిలోమీటర్ల వేగములో ఏమి చేసి ఉండేదో ఎవరు చెప్పగలరు?

మా వారు ఆ మేకును పారవేయలేదు. డాష్‌బోర్డు అరలో, ఆ నోటుపుస్తకము ప్రక్కన ఉంచారు. ఆ లారీ పెద్దాయన పేరు అయినా మేము ఆ రోజు అడగలేదు. ఆయన మాట మాత్రము మా ఇంట్లో ప్రతి శనివారము వినబడుతూనే ఉంది.

ఈ నెల మీరు కూడా ఒకసారి బోనెట్ ఎత్తి చూడండి. మీ ప్రయాణాలన్నీ క్షేమముగా జరగాలని కోరుకుంటూ, వచ్చే నెల మరియొక విషయముతో కలుసుకుందాము.